మంగతాయి గదికి మూడు రంగులు

గుండ్లకోన అడవిలో జింకలు, ముంగిసలు, ఉడుములు, నెమళ్లు ఉండేవి. అక్కడి వాగు పక్కన, గుట్ట కింద, ముళ్లపందులు బొరియలు తవ్వుకుని బతికేవి. ప్రతి బొరియలో ఒకటే గది. గదికి మూడు వాకిళ్లు. ఒకటి వాగుకు, ఒకటి గుట్ట పైకి, ఒకటి దుంపలు దొరికే లోయ అంచుకు.

వానలకు ముందు గోడలన్నిటికీ తెల్లసుద్ద పూయడం వాటి ఆచారం. ఇంటికి ఒకటే రంగు ఉండాలని పెద్దలు చెప్పారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

వాటిలో మంగతాయి ముసలి ముళ్లపంది. ఈ మధ్య దానికి మరుపు ఎక్కువైంది. దుంపను నోట కరుచుకుని, ఆ దుంప కోసమే వెతికేది. ఒకరోజు నీళ్లకని బయలుదేరి లోయ వాకిలి గుండా వెళ్లింది. ముందు కాలు గాలిలో పడింది. ఎలాగో వెనక్కి వచ్చింది.

ఆ సంగతి మరిది వీరాసామికి తెలిసింది. "వదినా, ఇంక నీవల్ల కాదులే. వానలు మొదలవగానే వచ్చి మా గదిలో ఓ మూల పడుండు. నీ బొరియ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆ బొరియ మంగతాయి తన గోళ్లతో తవ్వుకున్నది. పిల్లల్ని అక్కడే పెంచింది. వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. వాదించడానికి ఓపిక లేదు.

మర్నాడు అది మన్ను తెచ్చుకుంది. లోయ వాకిలి ఉన్న గోడకు ఎర్రమన్ను పూసింది. గుట్ట వాకిలి ఉన్న గోడకు పసుపు మన్ను పూసింది. వాగు వైపు గోడను తెల్లగానే వదిలేసింది. కాసేపు పూసేది, కాసేపు కూలబడేది. మధ్యలో ఎర్రమన్ను ఎందుకు తెచ్చిందో కూడా మరిచిపోయింది. లోయ వైపు చూశాక గుర్తొచ్చింది.

వీరాసామి వచ్చి చూసి పకపకా నవ్వాడు.

"ఇది గదా, అతుకుల బొంతా? మతి ఉన్నవాళ్లెవరైనా ఒక గదికి ఇన్ని రంగులు పూస్తారా వదినా?"

"మతి నా దగ్గర నిలవడం లేదు మరిదీ. అందుకే గోడలకు అప్పగించాను."

"నాకు ఆ గతి పట్టలేదు. కళ్లు మూసుకుని నా వాకిళ్లు చెబుతాను."

"చెబుతావులే. నీ వయసులో నేనూ చెప్పేదాన్ని."

వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం వాగు పొంగి బొరియల్లోకి నీళ్లు తోసుకొచ్చాయి. మంగతాయి కంగారుపడింది. గుట్ట ఎటో, లోయ ఎటో ఒక్కటీ గుర్తు రాలేదు. తల ఎత్తి చూసింది. ఎరుపు కనబడింది, భయం వేసింది. పసుపు కనబడింది, అటు నడిచింది. ఆయాసపడుతూ గుట్ట మీదికి చేరింది.

వీరాసామి గదిలోకీ నీళ్లొచ్చాయి. నీటి వడికి అతను గిర్రున తిరిగాడు. ఎటు చూసినా తెల్లటి గోడే. ఏ వాకిలి ఏదో తెలియలేదు. ఎదురుపడిన వాకిలి గుండా పరుగెత్తి లోయ అంచున జారి తుప్పల్లో పడ్డాడు. కాలు విరిగింది. ముళ్లు సగం ఊడిపోయాయి.

వరద తగ్గాక వీరాసామి బొరియ కూలి ఉంది. మంగతాయి బొరియ మాత్రం నిలిచింది. అతను కుంటుకుంటూ వచ్చి దాని వాకిట్లో నిలబడ్డాడు.

"వదినా, ఓ మూల చోటిస్తావా?"

"రా. అడుగుతావేం?"

గోడల రంగు నీళ్లకు వెలిసిపోయింది. వీరాసామి పసుపు మన్ను మెత్తగా కలిపాడు. పూస్తూ పూస్తూ నెమ్మదిగా అడిగాడు. "ఏ రంగు ఎందుకు పూశావో కూడా మరిచిపోతే ఎలా వదినా?"

మంగతాయి అలసటగా కళ్లు మూసుకుంది.

"ఆ రోజూ వస్తుంది మరిదీ. అప్పుడు నువ్వు చెబుతావు. అందుకే ముందు నువ్వు బాగా గుర్తుపెట్టుకో."

నీతి: మరుపు రావడం తప్పు కాదు, తనకు రాదని విర్రవీగడమే తప్పు. ముందుగా గుర్తులు పెట్టుకున్నవారే ఆపదలో దారి తప్పరు.