వెనక్కి ఎక్కే కారు, మీట నొక్కే కారు

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు బంగారూ. రెండువేల పంతొమ్మిదో సంవత్సరం, ఆషాఢం వానలు పడే రోజులు. ఒక కొండ కింద ఊళ్ళో సింహాద్రప్పడని ఒక తాత ఉండేవాడు.

ఆయనకి ఒక పాతకారు ఉండేది. కాఫీతోట దొర దగ్గర ముప్పై ఏళ్ళు డ్రైవరుగా చేస్తే, ఆ దొర పోతూ పోతూ ఇచ్చి వెళ్ళాడు. దాని దీపాలు కంచు గిన్నెలంత ఉండేవి. ముందు ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పితేనే ఇంజను లేచేది. పెట్రోలు ట్యాంకేమో సీటు కింద. నిటారు ఎత్తు వస్తే పెట్రోలు ముందుకి పారదు. అందుకని తాత కారుని తిప్పి, కొండని వెనక్కి ఎక్కించేవాడు.

కోడలు వరహాలు ఒక చిన్న తెల్లకారు కొంది. మీట నొక్కితే చాలు, ఇంజను లేచేది. తాత దాన్ని చూసి, అగ్గిపెట్టెకి చక్రాలు పెట్టారన్నాడు. వరహాలు ఊరుకుంటుందా? మీ కారు కొండెక్కుతుంటే అలిగిన పెళ్ళికొడుకు వెనక్కి పోతున్నట్టుంది మావయ్యా అంది. తాతకి పౌరుషం వచ్చింది. దాంట్లో కాలు పెట్టనన్నాడు.

ఒకరోజు మనవరాలు పైడమ్మ వేయించిన పల్లీలు నములుతూ గెంతుతోంది. ఒక గింజ గాలిగొట్టంలోకి పోయింది. పిల్ల దగ్గింది. ఆ తర్వాత దగ్గు కూడా రాక ఈల వేసినట్టు ఊపిరి లాగింది.

ఆసుపత్రి కొండమీద. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగుతోంది. వరహాలు తన కారు తలుపు తీస్తే తాత అడ్డం నిలబడ్డాడు.

"నీది నేలకి ఆనుకుని నడిచే బండి. గెడ్డలో మునిగిపోద్ది. నాది ఎత్తు. పిల్లనిటియ్యి."

వరహాలు తటపటాయించి, పిల్లని పాతకారులో పడుకోబెట్టింది.

తాత హ్యాండిల్ తిప్పాడు. ఇంజను లేవలేదు. రెండోసారి తిప్పితే కాస్త దగ్గి ఊరుకుంది. ఆ హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి, చుట్టి పట్టకూడదు. అది ఎదురు తన్నుతుంది. కొత్త డ్రైవర్లకి ఆ మాట నేర్పింది ఆయనే. మూడోసారి కంగారులో పిడికిలి బిగించాడు. హ్యాండిల్ తన్నింది. ఎముక విరిగిన చప్పుడు వరహాలుకి వినబడింది.

అప్పటికి పైడమ్మ పెదాలు నల్లబడుతున్నాయి. తాత విరిగిన చేతిని చొక్కాలో దోపుకున్నాడు. చిన్నకారు తలుపు తనే తీసి, వరహాలు పిల్లని వెనక సీట్లోకి మారుస్తుంటే ముందు సీట్లో కూర్చున్నాడు.

"పోనియ్యమ్మా," అన్నాడు.

గెడ్డ దగ్గర వరహాలు ఆపేసింది. నీళ్ళ కింద దారి కనబడటం లేదు. తాత మాత్రం నీటివాలు చూశాడు. నీరు చిన్న చిన్న ముడతలు పడేచోట రాళ్ళుంటాయి, లోతు తక్కువ.

"ఎడమకి పట్టు. మొదటి గేరు. మధ్యలో కాలెత్తావంటే పొగగొట్టంలోకి నీళ్ళెక్కుతాయి. నన్ను తిట్టుకుంటూనైనా తొక్కుతూనే ఉండు."

ఆమె తొక్కుతూనే ఉంది. గెడ్డ దాటారు. ఆ తర్వాత చిన్నకారు కొండని ముందుకే, ఒక్క గుక్కలో ఎక్కేసింది.

డాక్టరమ్మ గింజ తీసింది. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడిగింది.

"నేనే ఆపేశానమ్మా," అన్నాడు తాత. వరహాలు తల వంచుకుంది.

పైడమ్మ మూడు రోజుల్లో లేచి తిరిగింది. తాత కుడి బొటనవేలు మాత్రం మళ్ళీ వంగలేదు.

కథ నడిచింది కంచికి, కునుకు ఎక్కింది మంచానికి.