చుక్కన్న గంట

లింగప్ప కొట్టంలో రభస లేకుండా తెల్లారదు. ఎవరి వల్ల అంటారా? చుక్కన్న వల్ల. నుదుట తెల్లచుక్క ఉన్న కోడెదూడ. కుడితి బాల్చీలో మూతి పెడతాడు. రెండు గుక్కలు తాగాడో లేదో చూరు మీద పిచ్చుక కూస్తుంది. అటు పోతాడు. పోతూ పోతూ కింద పడున్న పలుపుతాడు చూసి దాన్ని నములుతూ నిలబడతాడు. అంతలో కుడితి గుర్తొచ్చి పరుగెత్తుకొస్తాడు. బాల్చీ కాలికి తగిలి బోర్లా పడుతుంది.

"ఒరేయ్, తాగేదేదో తాగి చావకూడదా!" అని తల్లి కపిల అరుస్తుంది.

"తాగుతూనే ఉన్నానే అమ్మా!"

"ఏదీ? బాల్చీ ఎక్కడుంది, నువ్వెక్కడున్నావు?"

చుక్కన్న బాల్చీ వైపు చూస్తాడు, తన కాళ్ళ వైపు చూసుకుంటాడు. ఎక్కడ తేడా వచ్చిందో వాడికీ తెలీదు పాపం. రేపటి నుంచి బుద్ధిగా ఉంటానని ఒట్టు పెడతాడు. నిజంగానే పెడతాడు. ఆ రేపు రాగానే మళ్ళీ పిచ్చుక వస్తుంది.

అంతవరకూ ఇంటి గోలే. తొలకరి పడ్డాక అది చావుబతుకుల సంగతైంది. పోయిన ఎండాకాలం ముసలి ఎద్దు పుల్లయ్య జోడు బసవడు చచ్చిపోయాడు. దున్నాలంటే రెండో ఎద్దు కావాలి. లింగప్ప చుక్కన్నను తెచ్చి కాడికి కట్టాడు. పుల్లయ్యేమో వంచిన తల ఎత్తకుండా నడుస్తాడు. చుక్కన్న ఓ తూనీగను చూసి అటు లాగాడు, ఉడుతను చూసి ఇటు లాగాడు. నాగలి సాలు పాము పాకినట్టు వచ్చింది.

లింగప్ప చెర్నాకోల కింద పడేసి, "ఇది కాడికి వచ్చే సరుకు కాదు. సంత నాటికి దారికి రాకపోతే తోలుకెళ్ళి అమ్మేస్తా" అన్నాడు.

ఆ మాట కపిలదాకా వచ్చింది. కాడికి పనికిరాని కోడెను సంతలో ఎలాంటివాళ్ళు కొంటారో పశువుల్లో తెలియనిదెవరికి?

ఇక్కడ ఇంకొకడి సంగతి చెప్పాలి. దొడ్డి వెనక కంపల్లో ఒక నక్క ఉంది. లింగప్ప కోళ్ళంటే దానికి ప్రాణం. కానీ దడి దగ్గర ఆకు కదిలినా చుక్కన్న చూస్తాడు, చూస్తే ఊరుకోడు, అంబా అని దొడ్డి అదిరేలా అరుస్తాడు. ఆ వెధవ దూడ వల్ల నక్క కడుపు మాడుతోంది. కొట్టంలో గొడవ చెవిన పడగానే దానికి పండగే అయింది.

మిట్టమధ్యాహ్నం దడి సందులోంచి మూతి పెట్టి, "వదినా, ఏడుస్తున్నావా?" అంది ఎంతో జాలిగా.

"నా గోల నీకెందుకులే" అంది కపిల.

"అదేం మాట! బిడ్డ నీకెంతో నాకూ అంతే. తప్పు వాడిది కాదు వదినా, అనకూడదు గానీ నీ పెంపకానిది. గారాబం ఎక్కువైంది. నా మాట విను. గోడవైపు తిప్పి నిలబెట్టు. తల తిప్పితే కొమ్ముతో ఒక్కటివ్వు. కళ్ళ ముందు ఏమీ లేకపోతే మనసు ఎక్కడికి పోతుంది?"

కపిల పిచ్చితల్లి. బిడ్డ పోతాడేమోనన్న బెంగలో గడ్డిపోచ దొరికినా పట్టుకుంటుంది. కొడుకును గోడవైపు తిప్పింది. చుక్కన్న గోడను చూశాడు. గోడ మీద చీమను చూశాడు. చీమ పోయాక బీటను చూశాడు. బీట అయిపోయాక కాళ్ళు నిలవక గిట్టలతో నేల తవ్వాడు. వెనక ఏదో చప్పుడైంది, తల తిప్పబోయాడు. కొమ్ము పోటు పడింది.

ఆ చప్పుడు నక్కది. రంగికోడి పిల్లల్లో ఒకదాన్ని నోట కరుచుకుని తాపీగా వెళ్ళిపోయింది.

రంగి రెక్కలు కొట్టుకుంటూ కొట్టంలోకి వచ్చిపడింది. "కపిలక్కా, నా బిడ్డను ఎత్తుకుపోయిందే! రోజూ అరిచే మీవాడు ఇవాళెందుకు అరవలేదే!"

"నేను తిరగబోయాను అత్తా. అమ్మ పొడిచింది" అన్నాడు చుక్కన్న. అంటూనే ఏడ్చేశాడు.

అప్పటిదాకా నెమరు వేస్తూ కూర్చున్న పుల్లయ్య లేచాడు. ఆయన లేవడమే పెద్ద పని, మాట్లాడటం అంతకంటే అరుదు.

"చెల్లీ, గోడవైపు తిప్పమని ఎవరు చెప్పారు?"

"నక్క" అంది కపిల. ఆ మాట తన నోటినుంచి వచ్చాక గానీ ఆమెకు అర్థం కాలేదు. తల దించుకుంది.

పుల్లయ్య చుక్కన్న పక్కకు వెళ్ళి, ఒళ్ళు ఒళ్ళు తగిలేలా నిలబడ్డాడు. "ఏరా, దున్నేటప్పుడు ఏమవుతుంది నీకు?"

"నడవాలనే అనుకుంటాను మామా. ఇంతలో ఏదో పిలుస్తుంది. పోయాననే సంగతి పోయాక తెలుస్తుంది. నువ్వు పుట్టుకతోనే నిదానం. నీకేం తెలుస్తుంది నా బాధ?"

పుల్లయ్య ముక్కుతో నవ్వాడు. "పుట్టుకతో నిదానమని నీకెవడు చెప్పాడ్రా? ఇప్పుడు నువ్వు మాట్లాడుతుంటే నా చెవి ఎక్కడుందో తెలుసా? బాట మీద బండి పోతోంది, ఇరుసు కిర్రుమంటోంది. అక్కడికి పోయొచ్చింది. గడ్డివాము మీద కాకి వాలింది, దాన్నీ పలకరించి వచ్చింది. నా బుర్ర లోపల రోజూ సంతే."

చుక్కన్న ఏడుపు ఆపి నోరెళ్ళబెట్టాడు.

"నా తొంటి మీద ఈ మచ్చలు చూడు. అన్నీ చెర్నాకోలవే. సోమరోడని కొట్టారు. కొట్టగా కొట్టగా నేనూ సోమరినేననుకున్నాను. ఇంత వయసొచ్చేదాకా అదే అనుకుంటూ బతికానురా. నిన్ను కాడికి కట్టినరోజు నీ మెడ అటూ ఇటూ తిరుగుతుంటే అప్పుడు తట్టింది, అరే, నాదీ ఇదే కదా అని." పుల్లయ్య తోకతో ఆ మచ్చలను తుడుచుకున్నాడు. "ఎవరైనా ముందే చెప్పుంటే ఎంత బాగుండేది."

"మరి ఇంత తిన్నగా ఎట్లా నడుస్తావు మామా?"

"బసవడి పుణ్యం. వాడెప్పుడూ నన్ను తిట్టలేదు. పక్కన నడిచాడు, అంతే. వాడి మెడలో గంట, నా మెడలో గంట. అడుగు కలిస్తే రెండూ ఒక్కటిగా మోగుతాయి. నా ధ్యాస పోతే అడుగు తప్పుతుంది, మోత చెదిరిపోతుంది. అది వినగానే వెనక్కొచ్చేవాణ్ణి. ఎన్నిసార్లు పోయినా వచ్చేవాణ్ణి. పోకుండా ఉండటం నా వల్ల ఈనాటికీ కాలేదు, తిరిగి రావడం మాత్రం నేర్చుకున్నా."

కపిల మెల్లగా అడిగింది. "అయితే ఇది నా పెంపకం వల్ల కాదా అన్నా?"

"నీ పెంపకం బంగారం చెల్లీ. వాడి తీరు అది. తీరు తెలిస్తే దారి దొరుకుతుంది."

మర్నాడు కాడి కట్టబోతుంటే పుల్లయ్య గుంజకు వేలాడుతున్న బసవడి గంటను కొమ్ముతో తడుతూ నిలబడ్డాడు. లింగప్ప దాన్ని తీసి, "ఇది లేక బెంగపడ్డావా?" అంటూ చుక్కన్న మెడలో కట్టాడు. చేలోకి పోయాక ఇంకో పేచీ. లింగప్ప ఎప్పటిలాగే చేనంతా ఒకటే పెద్ద కొండ్ర వేయబోయాడు, అంటే ఒక విడతలో దున్నాల్సిన ముక్కకు చుట్టూ సాలు గీయడమన్నమాట. పుల్లయ్య కదిలితే ఒట్టు. లింగప్ప అదిలించాడు, బతిమాలాడు, ముసలాడివైపోయావని దెప్పాడు. చివరికి విసిగి చిన్న ముక్క గీస్తే అప్పుడు కదిలాడు.

"చేను చూడకురా, భయమేస్తుంది" అన్నాడు చుక్కన్నతో. "ఈ ముక్క చూడు. ఇది అయ్యాక గట్టు మీద నీ ఇష్టం. గెంతు, దొర్లు, ఎన్ని తూనీగలుంటే అన్నిటినీ చూడు. మళ్ళీ ఇంకో ముక్క."

"మధ్యలో ఏమైనా కనబడితే?"

"నాకు చెప్పు. నీ బుర్రలో పెట్టుకుంటే అది నిన్ను లాక్కుపోతుంది. నాకు చెప్పేస్తే అది నా దగ్గరుంటుంది, నువ్వు గంట వింటూ నడవొచ్చు."

మొదటి రోజు చేనంతా చుక్కన్న మాటలే. "మామా, ఉడుత." "సరే." "మామా, మబ్బు." "సరే." "మామా, ఆ మబ్బు మన రంగత్తలా ఉంది." "ఉంటే ఉందిలే, నడు." గంటలు కలిసేవి, చెదిరేవి, మళ్ళీ కలిసేవి. ఒకరోజు బాగా కుదిరింది. మర్నాడు వాన తేమకు పురుగులు లేచి మొత్తం పాడైంది. చుక్కన్న కొట్టానికొచ్చి మేత ముట్టలేదు. కపిల వాడి మెడ నాకుతూ కూర్చుంది. లింగప్ప మాత్రం సంత మాట వెనక్కి తీసుకోలేదు.

నక్క కంపల్లోంచి ఇదంతా వింటూనే ఉంది. జిత్తులమారిది కదా, దానికో ఉపాయం తోచింది. 'ఓహో, గంట చెదిరితే దూడ ఏదో చూసినట్టు. తిన్నగా మోగుతుంటే వాడి ధ్యాస సాలు మీదే. అంటే నాకు భయం లేదు!'

సంత ముందురోజు వచ్చింది. మిగిలింది గట్టు పక్క ముక్క ఒక్కటే. నాగలి వెనకాల పైకి లేచిన వానపాముల కోసం రంగి, పిల్లలు సాల్లో గెంతుతున్నాయి. గట్టు మీద తంగేడు పొద. పొద వెనక నక్క. దాని కళ్ళు కోడి మీద, చెవులు గంటల మీద.

గణ్, గణ్, గణ్. రెండు గంటలూ ఒక్కటిగా వస్తున్నాయి.

"మామా" అన్నాడు చుక్కన్న గుసగుసగా. "తంగేడు పొదలో చెవి. నక్కది."

అరవాలని వాడికి గొంతులోకి వచ్చేసింది. కాళ్ళు ఉరకమంటున్నాయి.

"చెప్పావుగా. ఇప్పుడది నా దగ్గరుంది" అన్నాడు పుల్లయ్య. "అరిస్తే పారిపోతుంది, రేపు మళ్ళీ వస్తుంది. గంట విను నాయనా. నా పక్కనే నడు."

చుక్కన్న గంట విన్నాడు. ఒకసారి వాడి తల పొదవైపు పోయింది, అడుగు తప్పబోయింది. తిరిగి వచ్చాడు. గణ్, గణ్. పొద దగ్గరైంది. నక్క హాయిగా తోక ఊపుకుంటూ రంగి మీదికి దూకడానికి వంగింది. ఎద్దులు గట్టు చివర మళ్ళాలి. మళ్ళలేదు.

"ఇప్పుడురా!"

ఇద్దరూ కాడితో సహా ఒక్కడుగు ముందుకేశారు. చుక్కన్న తల పొదలోకి దించి, లేతకొమ్ములు నక్క పొట్ట కింద పెట్టి ఎత్తి విసిరాడు. అది గాల్లో గిరికీ కొట్టి అవతల తుమ్మకంపలో పడింది. వీపునిండా ముళ్ళు. లింగప్ప "ఓరి నీ!" అంటూ ములుగర్ర పట్టుకుని ఉరికాడు.

"గంట తప్పలేదే! అసలు తప్పలేదే!" అని నక్క లబోదిబోమంది.

"మామకు చెప్పేశాగా, ఇంకెందుకు తప్పుతుంది?" అన్నాడు చుక్కన్న.

ముళ్ళలో సగం తోక వదిలేసి నక్క కొండదారి పట్టింది. లింగప్ప వెనక్కి వచ్చి సాలు చూశాడు. గట్టుదాకా తిన్నగా వచ్చింది, మధ్యలో ఒక్కచోట చిన్న వంకర. ఆ వంకరను కాసేపు చూసి, చుక్కన్న గంగడోలు నిమిరాడు. "రేపు సంతకు నేనొక్కణ్ణే పోతాలే. నీ మెడకు మంచి పట్టెడ కొనుక్కొస్తా" అన్నాడు.

సాయంత్రం కొట్టంలో కుడితి పెట్టారు. చుక్కన్న మూతి పెట్టాడు. రెండు గుక్కలు తాగాడో లేదో చూరు మీద పిచ్చుక కూసింది. వాడు తల ఎత్తి, భయంభయంగా తల్లివైపు చూశాడు.

కపిల లేచి బాల్చీని మూతితో గోడవారకు నెట్టి, దానికి అడ్డంగా నిలబడింది.

"పోయి చూసిరా నాయనా. నువ్వొచ్చేదాకా నేను కాస్తాను."

మనసు నిలవని బిడ్డను కొట్టి నిలపలేం, పక్కన నడిచి నిలపాలి.