పెడలు తొక్కమని అడగలేని సుక్రన్న

అనగా అనగా, కొండల్లోకి జీపు వస్తే పెట్రోలు వాసన కోసం ఊరంతా పరుగెత్తే కాలంలో, దుమ్మరవలసలో సుక్రన్న అని ఒకడుండేవాడు. కింద సంత ఊళ్లో లారీల షెడ్డులో మరలు తిప్పే పానాలు అందిస్తూ పని నేర్చుకున్నవాడు.

అతని చెల్లెలు చిలకమ్మ. తొలికాన్పుకి ఆమెను డోలీలో, అంటే కర్రకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో, మోసుకుని కొండ దింపారు. దింపేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కలేదు.

చిలకమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. కలప కాంట్రాక్టరు వదిలేసిపోయిన పాత జీపును సుక్రన్న వాగులోంచి ఎడ్లతో లాగించాడు.

"ఈసారి నిన్ను దీన్లో దింపుతానమ్మా" అన్నాడు.

మొదటిసారి ఇంజను బిగించి హేండిలు తిప్పాడు. జీపు దగ్గింది, పొగ కక్కింది, ఆగిపోయింది. పెట్రోలు గొట్టంలో వాగు ఇసుక ఉండిపోయింది మరి. చిలకమ్మ మొగుడు బొంజన్న పక్కనే ఉన్నాడు.

"బావా, దీనికి దగ్గుమందు పట్టించు."

బావలకు అలా అనే హక్కుంది కదా. ఊరు నవ్వింది. సుక్రన్న తల దించుకున్నాడు.

రెండోసారి ఇంజను మోగింది. గేరు వేస్తే జీపు వెనక్కి పోయి కంచెలో దూరింది. ఎందుకంటే, వెనక ఇరుసులో పెద్ద పళ్ల చక్రం ఒకటుంటుంది. దాన్ని అటుది ఇటు బిగిస్తే బండి చక్రాలు వెనక్కి తిరుగుతాయి.

"బావా, నీ జీపు కొండ దిగనంటోంది. పుట్టింటికి పోతానంటోంది" అన్నాడు బొంజన్న.

ఊరు మళ్లీ నవ్వింది. సుక్రన్న మళ్లీ తల దించుకున్నాడు. ఆ పూట అన్నం కూడా తినలేదు. చక్రాన్ని సరిచేశాడు గానీ, ఎవరూ చూడకుండా జీపు ఉన్న పాకకు తడిక అడ్డం పెట్టుకున్నాడు.

ఇక మిగిలింది బ్రేకు. ఇది జాగ్రత్తగా వినండి. బ్రేకు గొట్టాల్లో నూనె నిండుగా ఉండాలి, గాలి ఉండకూడదు. గాలి పోవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని చిన్న మర వదులు చేసి గాలి పోనివ్వాలి. తొక్కు, పట్టు, వదులు. తొక్కు, పట్టు, వదులు.

తడిక అవతల బొంజన్న ఉన్నాడు. పిలిస్తే వచ్చేవాడే. వస్తే ఏమంటాడోనని సుక్రన్న పిలవలేదు. పెడలుకు కర్ర ఆనించి, ఒక్కడే అటూ ఇటూ తిరుగుతూ చేసుకున్నాడు. చదునులో బ్రేకు పట్టింది. చాల్లే అనుకున్నాడు.

చిలకమ్మకు నొప్పులు వచ్చాయి. జీపు బయల్దేరింది. మొదటి మలుపులో బ్రేకు పట్టింది. రెండో మలుపులో కొంచెం పట్టింది. మూడో మలుపులో పెడలు నేలకు దిగిపోయింది. ఎడమ పక్క లోయ. సుక్రన్న జీపును కుడి పక్క మట్టిగట్టుకు గుద్దేశాడు.

ప్రాణాలు నిలిచాయి. చిలకమ్మ కాలు విరిగింది. మళ్లీ డోలీ కట్టారు. ఈసారి బిడ్డ దక్కింది. కాలు మాత్రం సరిగా అతకలేదు.

ఊరు కూడింది. సుక్రన్న ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

"గొట్టంలో గాలి ఉండిపోయింది. తొక్కడానికి ఇంకొక మనిషి ఉంటే చాలేది. పిలవడానికి సిగ్గేసింది."

ఎవరూ నవ్వలేదు.

"నన్ను పిలవకపోయావా అన్నా? కూర్చుని తొక్కేదాన్ని కదా" అంది చిలకమ్మ.

ఆ మాటకు సుక్రన్న తల ఇంకా కిందికి దిగింది. అప్పుడు బొంజన్న లేచాడు. వెళ్లి ఆ వంగిపోయిన జీపులో కూర్చుని, పెడలు మీద కాలు పెట్టాడు.

"చెప్పు బావా. ఎప్పుడు తొక్కమంటావు?"

ఇద్దరూ కలిసి జీపును మళ్లీ నిలబెట్టారు. ఎంతమంది తల్లులను అది కొండ దింపిందో లెక్కలేదు. కానీ చెల్లెలు కుంటుతూ ఎదురొస్తే సుక్రన్న తల దించుకునేవాడు, పోయేదాకా. బొంజన్నా అంతే.

ఇప్పటికీ ఆ ఘాట్ రోడ్డులో బండి ఆగి, కింద ఎవరైనా పడుకుని కనబడితే, దారినపోయేవాళ్లు నవ్వరు. ఏమైందని కూడా అడగరు. పిలవకముందే వచ్చి సీట్లో కూర్చుంటారు.

"సుక్రన్న పేరు చెప్పి తొక్కుతున్నా. నువ్వు వదులు" అంటారు.