భల్లయ్య పెట్టిన దుంపలు

అనగనగా ఒక అడవిలో ఒక కొండ, ఆ కొండ మీద నుంచి దిగే ఒక వాగు ఉండేవి. వాగు పక్కన మెత్తటి నేలలో బొరియలు తవ్వుకుని కుందేళ్లు, ముంగిసలు, ఉడుములు, పందికొక్కులు కలిసిమెలిసి బతికేవి. కలిసిమెలిసి అంటే పొద్దున పోట్లాడుకునేవి, సాయంత్రానికి మళ్లీ మాట్లాడుకునేవి. ఇరుగుపొరుగు అంటే అంతే కదా మరి!

ఆ బొరియల వాళ్లందరికీ పెద్దదిక్కు పోలమ్మ. పోలమ్మ ఒక ముళ్లపంది. ఒళ్లంతా ముళ్లే కానీ మనసు మాత్రం వెన్న. ఎవరేం అడిగినా కాదనలేదు. ఎవరేం పెట్టినా వద్దనలేదు. వద్దంటే పాపం వాళ్లు చిన్నబుచ్చుకుంటారేమో అని దాని భయం.

ఆ అడవికి రాజు లేడు. జంతువులన్నీ కలిసి ఒక సభ పెట్టుకున్నాయి. ఒక్కో గుంపు తన తరపున ఒకరిని సభకి పంపేది. ఏ కట్టుబాటు పెట్టాలన్నా అక్కడ మాట్లాడుకోవాలి. సరేనన్న వాళ్లు ముందుకాలు పైకెత్తాలి. పక్షులైతే రెక్క ఎత్తాలి. ఎటువైపు ఎక్కువ మంది ఉంటే అదే అడవి మాట. సభకి పెద్ద ఏనుగు గౌరమ్మ. బొరియల తరపున వెళ్లేది మన పోలమ్మే.

కొండ మీద ఎలుగుబంటి భల్లయ్యకి దుంపల బట్టీలు ఉండేవి. చెట్లు కొట్టి, ఆ కట్టెలతో మంట పెట్టి, అడవి దుంపలు కాల్చి, పైన తేనె రాసి అమ్మేవాడు. ఆ కమ్మటి వాసనకి నోరూరని జంతువు లేదు. మొదట్లో ఒకటే బట్టీ. తర్వాత దాని పక్కన ఇంకోటి. చివరికి కొండ మీద చెట్ల కంటే బట్టీలే ఎక్కువైపోయాయి. పొద్దస్తమానం పొగ.

ఒకరోజు వాగులోని కప్ప గవర్రాజు ఆయాసపడుతూ పోలమ్మ గుమ్మం ముందుకొచ్చాడు.

"పోలమ్మక్కా, నా ఒళ్లు చూడు. ఎండిన ఆకులా పెళుసెక్కిపోయింది. వాగులో నీళ్లు ఇప్పుడు నా మెడ దాకా కూడా రావట్లేదు. కప్పకి మెడ ఎంత ఉంటుందో నీకు తెలుసుగా!"

"అయ్యో, వానలు ఏమయ్యాయి గవర్రాజూ?" అంది పోలమ్మ.

"మబ్బులు వస్తూనే ఉన్నాయక్కా. కొండ మీద నిలబెట్టడానికి చెట్లు లేవు. ఆ పొగ, ఆ వేడి చూసి వచ్చిన దారినే పోతున్నాయి. మాకా సభలో మాట్లాడే దిక్కు లేదు. మీ సభ పొడినేల మీద జరుగుతుంది. మేం అక్కడ కూర్చుంటే అప్పడాలమైపోతాం. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి."

పోలమ్మ గుండె కరిగిపోయింది. వెంటనే సభకి వెళ్లి చెప్పింది. "బట్టీలు సగానికి తగ్గించాలి. కొండ మీద పచ్చి చెట్టు కొట్టకూడదు. కొట్టిన చోటల్లా మొక్క నాటాలి. ఈ కట్టుబాటు పెడదాం" అంది. గౌరమ్మ తొండం ఊపి, "సరే, వచ్చే పున్నమి సభలో తేలుద్దాం" అంది.

ఈ సంగతి భల్లయ్య చెవిన పడింది. కానీ భల్లయ్యకి కోపం రాలేదు. కోపం వచ్చే ఎలుగుబంటి అయితే ఇబ్బంది లేదు, పారిపోతే సరిపోతుంది. భల్లయ్య నవ్వే ఎలుగుబంటి. తన దగ్గర పనిచేసే సారంగి అనే గోరువంకని పిలిచి, "పోలమ్మ గారిని ఒకసారి పలకరించి రా" అన్నాడు, అంతే.

సారంగి గొంతు తేనె కంటే తియ్యన. మొదటిసారి వచ్చినప్పుడు వెనకాల రెండు కోతులు పెద్ద బుట్ట మోసుకొచ్చాయి. బుట్టనిండా పొగలు కక్కుతున్న దుంపలు.

"ఏమీ అడగడానికి రాలేదు పోలమ్మ గారూ! బొరియల్లో పిల్లలు ఎక్కువట కదా. భల్లయ్య గారికి పిల్లలంటే ప్రాణం" అంది సారంగి.

పిల్లలు అప్పటికే బుట్ట చుట్టూ గంతులేస్తున్నారు. వద్దని ఎలా అంటుంది? పోలమ్మ కూడా ఒక దుంప తింది. రెండోది మొహమాటానికి తింది. మూడోది రుచి సరిగ్గా తెలియలేదని తింది.

రెండోసారి సారంగి వచ్చి, "అమ్మా, పాపం సభలో మీరంతా ఎండలో కూర్చుంటున్నారని భల్లయ్య గారు చల్లటి పందిరి వేయించారు. మీ చోట మెత్తటి గడ్డి పరిపించారు. అన్నట్టు మీ చెల్లెలి కొడుకు ఖాళీగా ఉన్నాడట కదా, రేపట్నుంచి బట్టీ దగ్గరికి రమ్మనండి" అంది.

ఆ కుర్రాడు రోజంతా నిద్రపోయే రకం. వాడికి పని దొరికిందని చెల్లెలు ఆనందంతో ఏడ్చింది. ఇక పోలమ్మ ఏమంటుంది?

మూడోసారి సారంగి ఏకంగా కొండ మీదికే పిలిచింది. "మీ కళ్లతో మీరే చూడండమ్మా!" అంది. పోలమ్మ వెళ్లింది. బట్టీల వైపు కాదు, కొండకి అవతలి వైపున్న చల్లటి గుహలోకి తీసుకెళ్లారు. అక్కడ గుడ్లగూబ పంతులు ఉన్నాడు. చాలా చదువుకున్నవాడు. ఆయన ఉండే చెట్టు తొర్ర భల్లయ్య ఇచ్చిందే.

పంతులు గొంతు సవరించుకున్నాడు. "పొగ ఉండటం వల్ల మబ్బు పోతోందా, లేక మబ్బు పోవడం వల్ల పొగ కనబడుతోందా? ఇది లోతుగా పరిశీలించాల్సిన విషయం" అన్నాడు.

పట్టపగలు ఈయనకి కళ్లు కనబడవు కదా, పొగ ఎలా చూశాడు అని పోలమ్మకి అనిపించింది. కానీ అంత పెద్దాయన్ని ఆ మాట అడిగితే ఏం బాగుంటుంది?

తిరిగి వచ్చేటప్పుడు సారంగి మెల్లగా అంది. "మిమ్మల్ని మాట తప్పమనట్లేదమ్మా. కట్టుబాటు వద్దని కూడా అనొద్దు. 'ఇప్పుడే వద్దు' అనండి చాలు."

పోలమ్మకి ఎంత తేలికగా అనిపించిందో! మాట తప్పినట్టూ కాదు, భల్లయ్యని నొప్పించినట్టూ కాదు.

పున్నమి రోజు పొద్దున్నే సభ మొదలైంది. పందిరి కింద చల్లగా ఉంది. సగం మంది కాళ్లు ఎత్తారు, సగం మంది దించారు. పోలమ్మ ఒక్కతే మిగిలింది. అందరూ దాని వైపే చూశారు. పందిరి బయట ఎండలో, ఒక తడి ఆకు నెత్తిన కప్పుకుని గవర్రాజు కూడా చూస్తున్నాడు.

పోలమ్మ లేచింది. "బట్టీలు తగ్గించాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ తొందరెందుకు? పంతులు గారు కూడా ఇంకా చూడాలంటున్నారు. వచ్చే వానాకాలం దాకా ఆగుదాం" అంది.

పందిరి కింద కొందరు "బాగా చెప్పింది, బాగా చెప్పింది" అన్నారు.

గవర్రాజు నెత్తి మీద ఆకు తీసి పక్కన పెట్టాడు. "వచ్చే వానాకాలం ఉంటుందో లేదో కూడా పంతులు గారినే అడగక్కా" అని గెంతుకుంటూ వెళ్లిపోయాడు.

పోలమ్మ ముళ్లన్నీ ఒక్కసారిగా వాలిపోయాయి.

ఆ ఎండాకాలం అంతకుముందు ఏ ఎండాకాలంలానూ లేదు. వాగు మడుగైంది, మడుగు బురదైంది, బురద నెర్రెలు విచ్చింది. కప్పలు పిల్లల్ని వీపున వేసుకుని ఎక్కడో ఉన్న చెరువు వైపు వలస పోయాయి. వానాకాలం వచ్చింది కానీ వాన రాలేదు. ఇక రాదేమో అనుకున్న వేళ, ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. బోడికొండ మీద నీళ్లని ఆపే వేరు ఒక్కటీ లేదు. కొండ మట్టి అంతా బురదై, నేరుగా బొరియల మీదికి దూకింది.

పోలమ్మ ఒక్కో బొరియలోకి దూరి పిల్లల్ని నోటకరిచి బయటికి లాగింది. కుందేలు సీతాలు చిన్న పిల్ల కనబడలేదు. పోలమ్మ బురదలో గోళ్లు ఊడేలా తవ్వి, చివరికి దాన్ని బయటికి తీసింది. పిల్ల దగ్గి, ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే అందరికీ ఊపిరి ఆడింది. ప్రాణాలు దక్కాయి. ఇళ్లు, దాచుకున్న గింజలు, అన్నీ మట్టిలో కలిసిపోయాయి.

అప్పుడు పోలమ్మ ఏడ్చింది. దగ్గరికి తీసుకుని ఓదారుద్దామంటే ఒళ్లంతా ముళ్లాయె. పాపం, అందరూ కాస్త దూరంగానే నిలబడి ఓదార్చారు.

వాన వెలిసీ వెలవగానే సారంగి వాలింది. వెనక బుట్ట.

"భల్లయ్య గారికి మనసు మనసులో లేదమ్మా! అసలు తప్పెవరిదో పంతులు గారు తేల్చేశారు. కప్పలు సమయానికి అరవకుండా వెళ్లిపోబట్టే వాన ఆలస్యమైందట. ఈసారి సభలో కప్పల మీద ఒక కట్టుబాటు పెడదాం. ముందు వేడివేడిగా దుంపలు తినండి."

పిల్లలు ఆకలితో బుట్ట వైపు నడిచారు. పోలమ్మ అడ్డంగా నిలబడి, జీవితంలో మొదటిసారి ముళ్లు నిక్కబొడిచింది.

"బుట్ట తీసుకెళ్లు సారంగీ" అంది.

"పిల్లలు పస్తులున్నారు పోలమ్మా!" అని సీతాలు అరిచింది.

"నేను తవ్విపెడతాను. ఒక్క పూట ఓపిక పట్టండి" అంది పోలమ్మ. ఆ సాయంత్రమంతా తడినేల తవ్వి గడ్డలు తీసి పిల్లలకి పెట్టింది. అవి చేదుగా ఉన్నాయి. పిల్లలు మొహాలు చిట్లించుకుంటూనే తిన్నారు.

తర్వాత పోలమ్మ ఒక సొరకాయ బుర్ర నోట కరుచుకుని, వెతుక్కుంటూ చెరువుకి వెళ్లింది. "గవర్రాజూ, సభకి రా" అంది. వాడు నీళ్లలోకి మునిగి, మళ్లీ పైకి తేలాడు. చివరికి, "నీ వీపు మీద కూర్చోమని మాత్రం అనకు" అన్నాడు. బుర్రలో నీళ్లు పోసి, వాణ్ణి అందులో కూర్చోబెట్టి, పోలమ్మ దారి పొడవునా ఈడ్చుకొచ్చింది.

సభ రోజు పోలమ్మ పందిరి కిందికి వెళ్లలేదు. "సభ వాగు ఒడ్డున, అందరి ఎదుటా జరగాలి" అంది. గౌరమ్మ ఒప్పుకుంది. అడవి అడవంతా వచ్చి ఒడ్డున కూర్చుంది. సభవాళ్లు మాత్రం మధ్యలో నిలబడ్డారు. భల్లయ్య కూడా వచ్చాడు, నవ్వుతూ.

"భల్లయ్య పెట్టింది తిన్నవాళ్లు ఈ విషయంలో కాలెత్తకూడదు. ముందు నేనే కూర్చుంటున్నాను" అని పోలమ్మ కూలబడింది.

దుప్పి గొణుక్కుంటూ కూర్చుంది. నెమలి తోక సర్దుకుని కూర్చుంది. కోతి అటూ ఇటూ చూసి కూర్చుంది. పంతులు కూర్చుని నిద్రపోతున్నట్టు నటించాడు. చివరికి గౌరమ్మ కూడా నెమ్మదిగా మోకాళ్లు వంచింది. నేల దద్దరిల్లింది.

ఇంకా నిలబడి ఉన్నది ఒక్క గవర్రాజే. అదీ బుర్రలో.

కోతి కిసుక్కుమంది. ఆ తర్వాత ఒడ్డంతా నవ్వులే నవ్వులు.

గవర్రాజు సిగ్గుపడ్డాడు. "నన్ను గొప్పవాణ్ణి చెయ్యకండి. నాకు పురుగులే గానీ దుంపలు అరగవు. అరిగుంటే నేనూ తినేవాణ్ణే. ఒక్క కప్ప చెబితే అది కట్టుబాటెలా అవుతుంది? అందరూ లేవండి. ఎవరెవరు ఏమేం తీసుకున్నారో మిమ్మల్ని పంపిన వాళ్ల ముందు చెప్పండి. చెప్పాక కాలెత్తుతారో దించుతారో మీ ఇష్టం."

ఒక్కొక్కరే లేచి చెప్పారు. దుప్పికి గడ్డి, నెమలికి నాట్యం చెయ్యడానికి అరుగు. గౌరమ్మ రోజూ తేనె పూసిన వెలక్కాయలు తింటోందట. కోతి చెప్పడం మొదలుపెడితే మధ్యాహ్నమైంది. పోలమ్మ దుంపల్లో ఒక్కటీ దాచకుండా చెప్పింది. సీతాలు పిల్లని ఒళ్లో పెట్టుకుని అంతా వింది.

అన్నీ విన్నాక, ఎదురుగా తమ వాళ్లు చూస్తుండగా కాలు దించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"నేనేమైనా బలవంతం చేశానా? ప్రేమతో పెట్టాను" అన్నాడు భల్లయ్య. ఇప్పుడు నవ్వట్లేదు.

"సరే నాయనా, అదే ప్రేమతో సగం బట్టీలు ఆర్పెయ్యి" అంది గౌరమ్మ.

ఆ రోజే సభలో ఒక చిన్న నీటిగుంట తవ్వించారు. వాగువాళ్ల తరపున గవర్రాజు అందులో కూర్చుంటాడు.

బొరియల వాళ్లు ఆ తర్వాత పోలమ్మని మళ్లీ సభకి పంపలేదు. దాని బదులు ఉడుముని పంపారు. పోలమ్మ బాధపడింది, కానీ తప్పు పట్టలేదు. తెల్లారి లేచి కొండెక్కి మొక్కలు నాటడం మొదలుపెట్టింది. ముళ్లపందులకి లేత వేళ్లంటే మహా ఇష్టం. ఒక్కో మొక్క నాటుతుంటే దాని పళ్లు జిలజిలలాడేవి. ఒక్కసారి, ఒక్క చిన్న కొరుకు అనిపించేది. పోలమ్మ నోరు గట్టిగా మూసుకుని, వేరు మీద మట్టి కప్పి, ఇంకో గుంట తవ్వడానికి పైకి నడిచేది.

నీతి: పెట్టిన వాళ్లకి మొహమాటపడి "ఇప్పుడే వద్దు" అంటే, నమ్మి పంపిన వాళ్లు మునిగిపోతారు.