కుండబోర్ల మెట్ట మీది పాదాలు

కృష్ణ పాయకు పడమట, చిల్లచెట్ల నడుమ ఉన్న ఈ మెట్ట మీద విగ్రహం కోసం వెతికేవారు, పాపం, రెండుసార్లు చుట్టూ తిరిగి దిగిపోతుంటారు. ఇక్కడ ఉన్నది ఒక పాలరాతి పలక, దాని మీద చక్రాలు చెక్కిన బుద్ధ పాదాలు. అంతే. వాటి ముందు నాలుగు వస్తువులు సమర్పిస్తారు. దీపం జ్ఞానానికి, ధూపం శీలానికి, నీరు తేటపడిన మనసుకు గుర్తులు. పువ్వు సంగతి చెప్పాలంటే ఈ మెట్ట కథ చెప్పాలి.

పూర్వం ఇక్కడ విహారం ఉన్న రోజుల్లో, దిగువ వాడలో మూలసిరి అనే కుమ్మరి స్త్రీ ఉండేది. ఆమెకు సామ అని ఒక్కగానొక్క కూతురు, ఎనిమిదేళ్లది. ఆ పిల్ల ఒక ఉదయం పాదాల మీద దోసెడు పొగడపూలు పోసి వచ్చి, ఆ సాయంత్రమే జ్వరంతో పడుకుంది. మళ్లీ లేవలేదు.

మూడో రోజున మూలసిరి తాను చేసిన పెద్ద కుండను నెత్తిన పెట్టుకుని మెట్ట ఎక్కింది. సామ పోసిన పూలకు గాలి సోకకుండా దాన్ని పాదాల మీద బోర్లించి, అంచుల చుట్టూ తడిమట్టి మెత్తి, పక్కనే కూర్చుంది. పాదాలు కుండ కిందికి పోయాయి. విహార పెద్ద రేవత థేరుడు వచ్చి, కుండ తీయమని నెమ్మదిగా అడిగాడు.

“అవి నా బిడ్డ పెట్టిన పూలు, భంతే. తీస్తే దాని చెయ్యి తీసేసినట్టే,” అంది.

“ఉండిపోతుందని కాదమ్మా పువ్వు పెట్టేది. వాడిపోతుందని, మనమూ అంతేనని తెలిసే పెడతాం,” అన్నాడాయన.

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏ మాట ఎక్కుతుంది? థేరుడు మాత్రం కుండను ఎవరినీ తాకనివ్వలేదు. భిక్షువులు ఏడాది పాటు ఆ కుండకే మొక్కారు. మెట్టకు ఈ పేరు అప్పుడే వచ్చింది.

ఒకనాడు పొరుగూరి స్త్రీ ఒకామె, ఒళ్లు కాలిపోతున్న పిల్లను భుజాన వేసుకుని వచ్చింది. “అక్కా, పాదాలెక్కడున్నాయి? దీని తల ఒక్కసారి ఆనించి పోతాను,” అని కుండ పక్కన కూర్చున్న మూలసిరినే అడిగింది.

మూలసిరి ఆ పిల్ల ముఖం చూసింది. ఎండిన మట్టిని గోళ్లతో గీకి, రెండు చేతులా కుండ ఎత్తింది. లోపల ఒక్క పువ్వూ లేదు. గోధుమరంగు పొడి మాత్రం చక్రాల గీతల్లోకి దిగి నిలిచింది. అరిగిపోయి ఎన్నేళ్లుగానో కంటికి ఆనని ఆ గీతలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనబడుతున్నాయి. మెట్టంతా పొగడ వాసన కమ్ముకుంది. అక్కడున్నవారికి ఒళ్లు గగుర్పొడిచింది. మూలసిరి పక్కకు జరిగి, పిల్ల తలను తానే పట్టి పాదాలకు ఆనించింది. సామ పోయాక ఆమె మొదటిసారి ఏడ్చింది ఆనాడేనని చెబుతారు. ఆ పిల్ల కోలుకుందో లేదో పెద్దలు చెప్పలేదు, అడిగినా చెప్పరు.

నేటికీ ఇక్కడికి పువ్వు తెచ్చినవారు ముందుగా నిన్న ఎవరో పెట్టిన వాడిన పువ్వును తమ చేత్తో తీసి, కళ్లకద్దుకుని, దగ్గరి చిల్లచెట్టు మొదట్లో వేస్తారు. ఆ తర్వాతే తమది పెడతారు. ఊడ్చేవారికి ఆ పని అప్పగించరు. బిడ్డలను పోగొట్టుకున్నవారికి ఈ సన్నిధిలో మనశ్శాంతి కలుగుతుందని నమ్మకం. తమ పువ్వు పెట్టేటప్పుడు కాదు, ఎవరి బిడ్డో పెట్టిన పువ్వును తీసేటప్పుడే కన్నీళ్లు ఆగవని వచ్చినవారు చెబుతారు.