గాలి వెనక్కి మళ్లిన రోజు

ఒకప్పుడు సముద్రపు గాలికి ఒకటే దారి. రాత్రీ పగలూ సముద్రం మీంచి నేల మీదికే వీచేది. దాని వెంట ఓడలు వస్తూనే ఉండేవి. తిరిగి వెళ్లే ఓడల్ని తెడ్లు వేసుకుంటూ ఈడ్చుకుపోవాల్సిందే.

గాలికి ఒళ్లు హూనమయ్యేది. ఆగడం మాత్రం తెలీదు.

ఒకనాడు పొద్దున ఆరు గంటలకు నూకాలు అనే ముసలామె రేవు ఒడ్డున చాపలు పరుస్తోంది. అక్కడ ఓడలో వచ్చిన ధాన్యాన్ని ముందు ఇసుక మీద ఆరబోస్తారు. ఆరబోసినవాళ్లకు కూలి చేటెడు గింజలు.

“ఏటి గాలీ, మళ్లీ ఓడ తెచ్చేసావా? నడుం పడిపోతంది నాకు.”

“నాకు మాత్రం పడిపోలేదా?” అంది గాలి.

గోనెలు విప్పితే గింజలతోపాటు ఎలుకలు దూకాయి. కొన్ని అక్కడికక్కడే చచ్చాయి.

“పాపం, సముద్రం పడలేదు కాబోలు,” అంటూ నూకాలు వాటిని చీపురుతో పక్కకు నెట్టింది. చేటెడు గింజలు ఇంటికి పట్టుకెళ్లింది. ఎలుకల ఒంటి మీది పురుగులు ఆ గింజలతోనే వెళ్లాయి.

వారం తిరక్కముందే ఇంటింటా జ్వరం. చంకల్లో గడ్డలు. నూకాలు కూతురు పైడమ్మ పోయింది. పైడమ్మ చంటిపిల్ల మిగిలింది.

నూకాలు ఒడ్డుకొచ్చి, ఓడలోంచి దూకి బతికిన ఓ ఎలుకను నిలదీసింది.

“నన్నంటావేంటమ్మా? తిండి ఉన్న చోట ఉన్నాను. మోసుకొచ్చింది గాలి,” అంది ఎలుక.

“తెరచాప కనబడితే తోస్తాను. లోపలేముందో నేనెప్పుడూ చూళ్లేదు,” అంది గాలి.

అంతలో దూరాన ఇంకో తెరచాప కనిపించింది. ఆ ఓడ మీద లేచి నిలబడినవాళ్లు ఒక్కరూ లేరు.

“నాకు చంటిదొక్కతే మిగిలింది. ఆ ఓడని రానీకు,” అంది నూకాలు.

“నాకు వెనక్కి వీయడం రాదే!”

“రాకపోతే నేర్చుకో.”

గాలి మొదటిసారిగా నేల మీంచి సముద్రం మీదికి వీచింది. ఓడ మెల్లగా వెనక్కి మళ్లి కనుమరుగైంది. చంటిది బతికింది.

కొన్నాళ్లకు ఉత్తరాన్నుంచి ఒక కొంగ వచ్చింది. ఆ ఓడ పై రేవుకు చేరిందట. అక్కడి ఆడవాళ్లు ఇసుక మీద చాపలు పరిచారట.

అది విని గాలి నేలవైపు తిరిగింది, అంతలోనే మళ్లీ సముద్రంవైపు తిరిగింది.

అప్పటినుంచే గాలి పగలు నేల మీదికి వస్తుంది, రాత్రి సముద్రం మీదికి పోతుంది. దారి మార్చే ముందు, ఎటు వీయాలో తోచక, కాసేపు అలాగే ఆగిపోతుంది. అప్పుడు ఒడ్డున ఆకు కూడా కదలదు.