మలుపు దగ్గర స్టూలు

మునిశేఖర్‌కు నిద్ర పట్టకుండా చేస్తున్నవి రెండు సెకండ్లు.

అతను తిరుపతిలో పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళలోకి లైటు వేసి, వెంట్రుకవాసి తేడా రాకుండా పనిచేసే మనిషి. నెలకో ఆదివారం మాత్రం తన నీలం కారు వేసుకుని తమిళనాడు సరిహద్దు దగ్గరి రేస్ ట్రాక్‌కు పరిగెత్తేవాడు. అక్కడ ఆరోజు ట్రాక్ డే. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, మనసుతీరా వేగంగా తోలుకునే రోజు. ఒక చుట్టు రెండు నిమిషాల్లో పూర్తి చేయాలని అతని పంతం. ఎంత తొక్కినా ఇంకో రెండు సెకండ్లు ఎక్కువే పడుతోంది. తన కారుకంటే పాత కార్లున్నవాళ్ళు కూడా ఆ గీత దాటేశారు. అది కడుపులో మంట.

దాటినవాళ్ళంతా దస్తగిరి ఉస్తాద్ శిష్యులే. అందుకే మునిశేఖర్ కూడా మూడు నెలల కిందట ఆయన్ను ఆశ్రయించాడు.

ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. పుత్తూరులో చిన్న మెకానిక్ షెడ్డు. వయసులో ఉండగా రేసుల్లో తోలినవాడు. ఆయన ఎడమ చెవి కాలి, ముడుచుకుపోయి ఉంటుంది. అదెలా జరిగిందో అడిగే ధైర్యం ఇప్పటిదాకా ఏ శిష్యుడికీ రాలేదు.

అది మునిశేఖర్ నాలుగో ట్రాక్ డే. భోజనాల వేళ ట్రాక్ ఆపేయగానే తిన్నగా ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు.

"ఆ రెండు సెకండ్లు ఎక్కడ పోతున్నాయో చెప్పండి ఉస్తాద్. ఇంక నా వల్ల కాదు."

"చివరి మలుపులో."

"నేనూ అదే అనుకున్నా. బ్రేకు ఇంకొంచెం ఆలస్యంగా వేయాలి, అంతే కదా?"

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టి, నీలం కారు తలుపు తీశాడు.

"ముందు దీన్ని ఖాళీ చెయ్యి."

"పొద్దునే చేసినా ఉస్తాద్. జాకీ, నీళ్ళ బాటిల్, చివరికి పాప బొమ్మలు కూడా తీసేసినా."

ఉస్తాద్ వేలితో ముందు అద్దం కిందికి చూపించాడు. అక్కడ ఇత్తడి ఆంజనేయస్వామి ఉన్నాడు, బొటనవేలంత కాదు, పిడికిలంత. కారు కొన్న రోజు మునిశేఖర్ భార్య హంసవేణి అతికించిన విగ్రహం. పొద్దున కార్లను తనిఖీ చేసినవాళ్ళు కూడా దండం పెట్టుకుని వదిలేశారు.

"స్వామినా?" అన్నాడు మునిశేఖర్.

"గోడకు కొట్టుకుంటే నిన్ను బెల్టు ఆపుతాది. ఆయనకు బెల్టేది నాయనా?"

మునిశేఖర్ ఆ ఇత్తడి బరువు చూశాడు. తన సీటుకు, దానికి మధ్య దూరం చూశాడు. విగ్రహాన్ని ఊడదీశాడు. ఉస్తాద్ చెప్పులు వదిలి, భుజం మీది తువ్వాలు పరిచి, విగ్రహాన్ని రెండు చేతులా అందుకుని చుట్టుకున్నాడు. ఆయన అయిదుపూటలా నమాజు చేసే మనిషి. ఆ చేతులు పసిబిడ్డను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకోవడం చూసి మునిశేఖర్‌కు తాను చేస్తున్న పని మొదటిసారి పెద్దదిగా కనిపించింది.

"ఇన్సూరెన్స్ ఉందా?"

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉస్తాద్. బంపర్ టు బంపర్."

"చదివినావా?"

మునిశేఖర్ నవ్వేశాడు. ఆ కాగితాలు ఎవరు చదువుతారు?

"చదువు."

ఫోన్‌లో పాలసీ తెరిచాడు. పేజీలు జరుపుతూ పోతే బండి వాడకం గురించిన చోట వేలు ఆగిపోయింది. పందేలకు, వేగ పరీక్షలకు వాడినప్పుడు వర్తించదు. మళ్ళీ చదివాడు. మార్పు లేదు.

"ఇది పందెం కాదు కదా ఉస్తాద్. ట్రాక్ డే."

"ఆ మాట బీమావాళ్ళను అడిగినావా?"

"లేదు."

"ఇక్కడోళ్ళు ఇచ్చే ఒకరోజు ప్రమాద బీమా?"

దానికి మునిశేఖర్ తల వంచుకున్నాడు. ఆ ఫారాలు గేటు పక్క టేబుల్ మీద పెట్టి ఉంటాయి. అక్కడ నిలబడితే మొదటి రౌండు పోతుందని నాలుగుసార్లూ దాటేసి వచ్చాడు.

"పాలసీ గేటు కాడే దిగిపోయింది. స్వామి ఇప్పుడు దిగినాడు. లోపల నీకు పూచీ ఎవరు?"

"నా చేతుల మీద నాకు నమ్మకం ఉంది," అన్నాడు మునిశేఖర్. మాట పైకి వచ్చాక అతనికే పేలవంగా వినిపించింది.

"రా. నీ పూచీదారును చూపిస్తా," అన్నాడు ఉస్తాద్.

ఇద్దరూ ట్రాక్ మీదికి నడిచారు. స్వామి చేతుల్లో ఉన్నాడు కాబట్టి ఉస్తాద్ చెప్పులు వేసుకోలేదు. తారు కాలుతోందని పక్కన గడ్డిలో నడిచాడు. కారులో కన్నుమూసి తెరిచేలోపు అయిపోయే దారి, నడుస్తుంటే తరగలేదు. ఇంత వెడల్పా, ఇంత పొడవా అని మునిశేఖర్ నోరు వెళ్ళబెట్టి చూశాడు. ఈ దూరమంతా తాను ఎంత వేగంతో మింగేస్తున్నాడో అప్పుడు తెలిసింది.

చివరి మలుపులో తారు మీద నల్లటి టైరు చారలు, ఒకదాని పక్కన ఒకటి, గోడ వైపుకు పోయి చివరి క్షణంలో వంగి ఉన్నాయి. ఎవరివని అడగనక్కర్లేదు.

ఆ గోడ వెనక ఎర్ర గొడుగు కింద, ఇనప స్టూలు మీద ఒక నడివయసు ఆవిడ కూర్చుని అన్నం తింటోంది. ఒళ్ళో పసుపు జెండా. కాళ్ళ దగ్గర మంటలార్పే సిలిండరు. కారు గోడకు తగిలితే వెనక వచ్చేవాళ్ళకు జెండా ఊపి, మంట ఆర్పి, లోపలి మనిషిని బయటికి లాగే పని ఆమెది. మార్షల్ అంటారు.

మునిశేఖర్ ఈ మలుపు వందసార్లు తిరిగాడు. ఈ మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు.

"చెంగమ్మా, నీలం బండి ఈయనదే," అన్నాడు ఉస్తాద్.

ఆమె గబగబా చెయ్యి కడుక్కుంది. "మీరేనా సార్! మీ బండి చప్పుడు నాకు బాగా తెలుసు. ఆ చెట్ల అవతల ఉండంగానే లేచి నిలబడతా."

"ఎందుకమ్మా?"

"ఎందుకేంది సార్, అంత దూకుడుగా వస్తిరి! బండి వెనకభాగం తోకాడించినట్టు ఊగతాది. పొద్దున్నించి పద్దెనిమిది సార్లు వచ్చినారు. పద్దెనిమిది సార్లూ లేచినా." మోకాలు రుద్దుకుంటూ నవ్వింది. "దీనికి మీరంటే కోపం."

"అందరికీ లేస్తారా?"

"అందరినీ చూస్తాండా. లేచేది మీ ఒక్కరికే."

మునిశేఖర్ ముఖం కందిపోయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. "తగిలినాక లేవచ్చు కదమ్మా."

చెంగమ్మ అతని వైపు వింతగా చూసింది.

"ఈ మోకాలితో కూర్చున్నదాన్ని లేవాలంటే రెండు సెకండ్లు పడతాది సార్. మంట రెండు సెకండ్లు ఆగదు."

మునిశేఖర్ చూపు ఉస్తాద్ ఎడమ చెవి మీదికి పోయింది. ఉస్తాద్ మాత్రం మలుపు వైపు చూస్తూ, తువ్వాలు మూటను గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు.

తిరిగి వస్తూ మునిశేఖర్ తిన్నగా గేటు పక్క టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. ఒకరోజు బీమా ఫారం తీసుకుని, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివాడు. అది మనిషికే, బండికి కాదని అందులో స్పష్టంగా ఉంది. బండికి ఏమైనా అయితే తనదే భారం. నామినీ అన్న చోట హంసవేణి పేరు రాశాడు. ఈలోగా రెండింటి రౌండు మొదలైపోయింది. అతను తొందరపడలేదు.

మూడు గంటలకు ట్రాక్ మీదికి వెళ్ళాడు.

చెట్లు దాటాడు. ఎప్పుడూ బ్రేకు వేసే చోటికి చాలా ముందే వేశాడు. కారు తోకాడించలేదు. కళ్ళు గోడ మీదికి కాక, గోడ వెనక్కి పోయాయి. ఎర్ర గొడుగు. స్టూలు. స్టూలు మీద చెంగమ్మ, కూర్చునే ఉంది.

రెండో చుట్టు. కూర్చునే ఉంది.

ఆరో చుట్టులో, ఒళ్ళోని జెండా వదలకుండా, రెండో చేత్తో మోకాలు తట్టి చూపించింది.

మునిశేఖర్ వచ్చి కారు ఆపి, హెల్మెట్ తీశాడు. ఉస్తాద్ స్టాప్‌వాచ్ ఉన్న చెయ్యి చాచాడు.

"టైము చూస్తావా?"

"ఆమె లేవలేదు ఉస్తాద్." మలుపు వైపు చూపించాడు. "ఆరు చుట్లూ లేవలేదు."

ఉస్తాద్ కూడా వాచీ వైపు చూడలేదు. బొటనవేలితో నొక్కి ముల్లును సున్నాకు తెచ్చేశాడు. తువ్వాలు విప్పి ఆంజనేయస్వామిని అతని చేతుల్లో పెట్టాడు.

"పోయేముందు చెంగమ్మకు చెప్పిపో," అన్నాడు.